డిగ్రీ లేనోడు నిరుద్యోగి కాడా?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదనే కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. మూడో మాట మీద మాకో ప్రశ్న ఉన్నది. నియామకాలంటే గ్రూప్-1, గ్రూప్-2 నోటిఫికేషన్లేనా? అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పిల్లల గోస నిజమే, కాదనం. కానీ అయిదో తరగతిల బడి ఇడిసిపెట్టి, ముప్ఫై ఏండ్లకు పని కోసం గడప గడప తిరిగే మనిషిని నిరుద్యోగి కింద ఎవరు లెక్కగడుతున్నరు?

సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్‌నే చూడుర్రి. 1806లో వెలసిన సికింద్రాబాద్‌ల తెల్లోళ్ల పటాలాల అవసరాల కోసం పెరిగిన బజారది. పటాలాలు పోయినయ్, పేరు మిగిలింది. స్టేషన్ చుట్టూ చాకిరీ కూడా మిగిలింది. లాడ్జీలు ఊడ్చుడు, హోటళ్లల్ల గిన్నెలు తోముడు, మూటలు మోసుడు, రాత్రంతా సెక్యూరిటీ డ్యూటీ. పల్లె నుంచి వచ్చి రైలు దిగినోనికి ముందుగాల దొరికేవి ఇవే.

ఇందులోంచి ఒక్క మెట్టు ఎక్కాలన్నా కాగితం చదవొస్తేనే. ఏజెన్సీవోడు వేలిముద్ర వేయించుకున్న కాగితంల ఏమున్నది? జీతంల కోసిన 12 శాతం పీఎఫ్ ఖాతాల పడ్డదా? ఈఎస్‌ఐ కార్డు ఏది? అడగాలంటే ముందు తెల్వాలె. తెల్వనోళ్ల చెమట మీదనే కాంట్రాక్టర్లు మేడలు కడుతున్నరు.

సర్కార్లు ఏం చేసినయ్? 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం అన్నరు. 1988ల జాతీయ సాక్షరతా మిషన్ అన్నరు. 2009ల సాక్షర భారత్ తెచ్చిండ్రు. అది పల్లెలకే అని గీత గీసిండ్రు. బస్తీ గీత అవతల పడ్డది. 2018ల దాన్నీ మూసిండ్రు. 2022ల వచ్చిన కొత్త పథకంల పట్నాలను కలిపిండ్రు గానీ, చదువు చెప్పే భారం జీతం లేని వాలంటీర్ల మీద పెట్టిండ్రు. స్కిల్ సెంటర్లకు పోతే చాలా కోర్సులకు పది పాసయినవా అని అడుగుతరు. అక్షరం ఇయ్యరు, అక్షరం లేదని కొలువియ్యరు. ఇదేం న్యాయం?

2011 జనాభా లెక్కల్ల దేశంల అక్షరాస్యత 73 శాతమైతే తెలంగాణల 66.5 శాతమే. అంటే ఏడేండ్లు దాటిన ప్రతి ముగ్గురిల ఒకరికి చదువు రాదు. ఈ వెనుకబాటు వలస పాలకులు పెట్టిపోయిందే. దాన్ని మోయాల్సిన ఖర్మ మాత్రం స్వరాష్ట్రంల ఎందుకు?

దారి లేక కాదు. పరాయి ఇంట్ల పనిచేసి పైకొచ్చిన భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్మిత్ర మండలి పెట్టిండు, 1910ల దళిత పిల్లలకు ఇదే హైదరాబాద్‌ల బడి తెరిచిండు. ఏ సర్కారు జీవో కోసం ఆయన ఎదురుచూడలే. 1967ల బొంబాయి వర్లీల మిల్లు కార్మికుల కోసం శ్రామిక్ విద్యాపీఠ్ పుట్టింది. చదువు రానోళ్లకు, బడి ఇడిసినోళ్లకు పని నేర్పే జన శిక్షణ్ సంస్థాన్‌లకు మూలం అదే. నెల్లూరు జిల్లా దూబగుంటల సాక్షరతా తరగతులకు పోయిన ఆడోళ్లు సారా దుకాణాల మీదికి లేచిండ్రు. 1993ల సర్కారు సారా నిషేధించాల్సి వచ్చింది. పెద్దోళ్ల చదువంటే పాలకులకు ఎందుకు బుగులో అర్థమైతున్నదా?

అందుకే అడుగుతున్నం. బస్తీ కమ్యూనిటీ హాలుల రాత్రిబడి పెట్టాలె. ఇండ్లల్ల పనిచేసే అక్కలకు మధ్యాహ్నం తరగతి ఉండాలె. అదే బస్తీల డిగ్రీ చదివి ఖాళీగ ఉన్న పిల్లలకు జీతమిచ్చి పంతుళ్లను చేయాలె. జీతం చిట్టీ, కాంట్రాక్టు కాగితం, బ్యాంకు ఫారం పాఠాలు కావాలె. ఓపెన్ స్కూల్ పది పరీక్ష ఫీజు సర్కారే కట్టాలె. బల్దియా ఔట్‌సోర్సింగ్ కార్మికులకు రోజుకో గంట చదువును డ్యూటీ కింద లెక్కగట్టాలె.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఊరేగింపుల ముంగట నడిచినోళ్లల్ల ఈ బస్తీలోళ్లు లేరా? వాళ్లు మన కొలువుల కోసం నినదించిండ్రు. వాళ్ల అక్షరం కోసం గొంతెత్తే బాకీ మన మీద ఉన్నది.