అద్దపు తలుపునకు ఈవల

నెలలు నిండక పుట్టిన బిడ్డను వైద్యులు లోనికి గొనిపోయి యంత్రముల నడుమ ఉంచుదురు. అది అవసరము, దానిని ఆక్షేపించువాడను గాను. ముప్పదియేడు వారములు నిండకమునుపే పుట్టిన శిశువునకు ఊపిరి, ఒంటి వెచ్చదనము, పాలు త్రాగు శక్తి తక్కువగా నుండును. కాని అద్దపు తలుపునకు ఈవల బల్లమీద కూర్చున్న తలిదండ్రుల మాట యేమి? అట్టివారి కొఱకు ఆసుపత్రులయందు తలిదండ్రుల సంఘము లేర్పడవలయుననియు, అవి వారి మాతృభాషలో మాటలాడవలయుననియు నా అభిప్రాయము.

ఆ బల్లయొద్ద వినవచ్చు మాటలు మన మెఱిగినవే. "గ్రహణమునాడు బయట తిరిగియుండును" అని యొకరు. "ఏడవ నెల బిడ్డ బ్రతుకును గాని ఎనిమిదవ నెల బిడ్డ దక్కదు" అని మఱియొకరు. ఈ రెండవ మాట మనలో ఎంతగా పాతుకొన్నదో చెప్పనలవి గాదు. నిజమునకు గర్భములో గడచు ప్రతి వారమును శిశువునకు బలమే కూర్చును గనుక ఎనిమిదవ నెల బిడ్డకే ఆశ యెక్కువ. ఈ సంగతి వైద్యుడు చెప్పిన తల యూపుదురు. ఎనిమిదవ నెలలో కన్న కొడుకును చంకనెత్తుకొని వచ్చిన తల్లి చెప్పిన నమ్ముదురు.

కుటుంబమును బయట నిలుపుటయే మేలను భావము వైద్యలోకమునను మారుచున్నది. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే సనాబ్రియా అను వైద్యుడు శిశువును తల్లి ఱొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచు పద్ధతిని ప్రారంభించెను. దానికి కంగారు పద్ధతి యని పేరు. (మన తెలుగు కంగారు కాదు, సంచిలో పిల్లను మోయు ఆస్ట్రేలియా జంతువు.) బిడ్డ కుదుటపడువఱకు ఆగక, పుట్టిన వెంటనే దీనిని ఆరంభించినచో, కిలో మొదలు 1.8 కిలోల లోపు తూగు శిశువులలో మరణములు నాలుగవ వంతు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశీలన 2021లో తెలిపినది. మన దేశమున ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రివారు తలిదండ్రులకు చేతులు కడుగుకొనుట మొదలుకొని నేర్పి లోనికి రానిచ్చిరి. 2017లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి కుటుంబ భాగస్వామ్యమునకు మార్గదర్శక సూత్రములు వెలువరించెను.

నేర్పునది ఏ భాషలో? హోసూరు ప్రాంతపు తల్లికి కృష్ణగిరిలో తమిళము, బెంగుళూరులో కన్నడము ఎదురగును. 2006 నాటి చట్టము వలన మన పిల్లలు తమిళము చదువుచున్నారు. కుప్పము వైపునుండి కాపురమునకు వచ్చిన తల్లులకు ఆ లిపి రాదు. అందుచేత తొమ్మిదవ తరగతి పిల్లవాడే దుబాసియై, చెల్లెలికి ఊపిరి సరిగా ఆడుట లేదను వార్తను తల్లికి వినిపింపవలసి వచ్చును. పిల్లలారా, మీ తమిళమును నేను మెచ్చుకొందును. కాని ఆ బరువు మీ వయసునకు తగదు.

సంఘమనగా సభలు, తీర్మానములు అక్కఱలేదు. వారమునకొక సాయంత్రము నర్సమ్మ యొకరు, బిడ్డను క్షేమముగా ఇంటికి తీసికొనిపోయిన తలిదండ్రులు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చుండిన చాలును. పాలు పిండి లోనికి పంపుట యెట్లో, ఇంటికి చేరిన పిదప ఏ గుర్తులు కనిపించిన వెంటనే మరలి రావలయునో వారు చెప్పగలరు. మందుల మాట వైద్యులకే విడువవలయును. "మావానికి ఉగ్గు పెట్టితిమి" అను సలహాలు అచ్చటికి రాకూడదు. మీ బిడ్డ ఎన్ని గ్రాములు, మా బిడ్డ ఎన్ని గ్రాములు అను పోలికయు వలదు. తండ్రులును రావలయును; ఖర్చుల చింతతో మూల నిలుచు మనిషిని పలుకరించువారు అరుదు. బిడ్డ దక్కనివారినైతే నలుగురును తప్పించుకొని తిరుగుదురు. వారికిని ఆ బల్లమీద చోటుండవలయును.

నెలలు నిండక పుట్టి నేడు మన పాఠశాలలో చదువుచున్న పిల్లల తలిదండ్రులు సమ్మతించినచో తమ పేర్లను కార్యాలయమున తెలుపవచ్చును. తెలుగు, తమిళము రెండును వచ్చినవారైనచో మఱింత మేలు.