ఎస్ నొక్కే ముందు వేలిముద్ర చూడండి

లక్డీకాపూల్ మెట్రోలో దిగి ఏసీ గార్డ్స్ వైపు నడిస్తే ఆదాయపు పన్ను శాఖ టవర్లు వస్తాయి. ఆ పక్కనే మాసాబ్ ట్యాంకు, అక్కడ కాసిల్ హిల్స్‌లో ఐడీఆర్‌బీటీ. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఈ సంస్థకు బ్యాంకుల కోసం డిజిటల్ సర్టిఫికెట్లు జారీ చేసే లైసెన్సు ఉంది. ఇటు సైఫాబాద్‌లో రిజర్వు బ్యాంకు సొంత కార్యాలయం. మెట్రోలో నాలుగు స్టేషన్లు పోతే అమీర్‌పేట, మైత్రీవనం పక్కన స్వర్ణజయంతి కాంప్లెక్సులో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం. తెర మీద కనిపించే కాగితం నిజమైనదా, కాదా అని కంప్యూటర్ తేల్చుకునే ఏర్పాటులో ఇన్ని ముఖ్యమైన సంస్థలు ఈ నాలుగు స్టేషన్ల మధ్యే ఉన్నాయి. ఈ రోడ్ల వెంటే జిరాక్సు షాపులు, ఆన్‌లైన్ సెంటర్లు, ఆడిటర్ల ఆఫీసులు ఉన్నాయి. ఒక సర్టిఫికెట్‌ను 'ఇది నమ్మదగినది' అని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అక్కడ ఎలా జరుగుతోందో చూస్తే నాకు భయం వేస్తుంది.

అందరికీ ఎదురయ్యేది ఈ-ఆధార్. అడోబీ రీడర్‌లో పీడీఎఫ్ తెరవగానే సంతకం ఉండాల్సిన చోట పసుపు రంగు ప్రశ్నార్థకం, పక్కన 'వాలిడిటీ అన్‌నోన్' అన్న మాట కనిపిస్తాయి. కార్డు చెల్లదేమోనని వచ్చినవాళ్లు కంగారుపడతారు. షాపులో కుర్రాడు "ఏం కాదమ్మా, టిక్కు వచ్చేస్తుంది" అంటూ కుడి క్లిక్కు కొడతాడు. సంతకం వివరాల్లోకి వెళ్లి, సర్టిఫికెట్ తెరిచి, 'ట్రస్ట్' అన్న ట్యాబులో 'యాడ్ టు ట్రస్టెడ్ ఐడెంటిటీస్' నొక్కుతాడు. వచ్చిన హెచ్చరికలన్నిటికీ ఓకే కొడతాడు. దీన్ని నమ్మకమైన రూట్‌గా వాడమంటారా అన్న గడిలో గుర్తు పెడతాడు. ప్రశ్నార్థకం పోయి పచ్చ టిక్కు వస్తుంది. అమ్మ ఊపిరి పీల్చుకుని ప్రింటు తీసుకుని వెళ్తుంది.

ఇది ఆ కుర్రాడు కనిపెట్టిన దొడ్డిదారి కాదు. ఆధార్ సంస్థ ప్రజల ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల్లో ఉన్న పద్ధతే. అయితే ఆ జవాబులో నడుమ ఒక మెట్టు ఉంది. సంతకం వెనకున్న సర్టిఫికెట్ల వరుసలో ఉండాల్సిన ప్రభుత్వ సంస్థ పేరు ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే నమ్మకం ఇవ్వమని. షాపులో జారిపోతున్నది సరిగ్గా ఆ మెట్టే. అది జారిపోతే మిగిలినదంతా వృథా. ఎవడో ఇంట్లో కూర్చుని ఆధార్‌లా కనిపించే పీడీఎఫ్ తయారుచేసి, తాను సొంతంగా చేసుకున్న సర్టిఫికెట్‌తో సంతకం పెట్టి తెచ్చాడనుకోండి. ఇదే వరుసలో నొక్కుకుంటూ పోతే దానికీ అదే పచ్చ టిక్కు వస్తుంది. పైగా ఆ నమ్మకం ఆ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. రేపు అదే సర్టిఫికెట్‌తో ఇంకో దొంగ కాగితం వస్తే ఎవరూ ఏమీ నొక్కకుండానే టిక్కు సిద్ధంగా ఉంటుంది.

టిక్కు చెప్పేది రెండే సంగతులు. సంతకం పెట్టాక ఈ ఫైలులో ఒక్క అక్షరం కూడా మారలేదు. సంతకం పెట్టినవాడి సర్టిఫికెట్‌కు హామీ ఇచ్చిందెవరు, ఆ హామీదారుకు హామీ ఎవరు అని పైకి వెతుక్కుంటూ పోతే, ఈ కంప్యూటర్ ముందే నమ్మిన ఒక రూట్ సర్టిఫికెట్ దగ్గర ఆ వరుస ఆగింది. మన దేశంలో ఆ పై మెట్టు చూసుకునేది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్, క్లుప్తంగా సీసీఏ. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం కింద ఏర్పడిన కార్యాలయం అది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ, ఐడీఆర్‌బీటీ వంటివాటికి లైసెన్సులు ఇచ్చింది ఆ కార్యాలయమే. వాటి సర్టిఫికెట్లన్నీ చివరికి చేరేది అది నడిపే భారత రూట్ దగ్గరికే. ఈ ఏర్పాటు మీద నాకు గౌరవం ఉంది. 2011లో మీసేవ మొదలైనప్పుడు కుల ధ్రువీకరణకో, ఆదాయ ధ్రువీకరణకో తహసీల్దారు కార్యాలయం చుట్టూ రోజులు రోజులు తిరిగే అవస్థ ఎంతోమందికి తగ్గింది. తగ్గించింది డిజిటల్ సంతకమే. అందుకే దాన్ని నిలబెట్టే ఆ ఒక్క మెట్టును ఇంత తేలిగ్గా తీసుకోవడం నన్ను బాధిస్తుంది.

అడోబీ రీడర్‌లో ఇచ్చిన నమ్మకం చాలావరకు ఆ ప్రోగ్రాము తెరిచే కాగితాల వరకే. విండోస్ సంగతి వేరు. అక్కడ 'ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్' అనే ఖానాలో ఒక సర్టిఫికెట్ వేశామంటే వెబ్‌సైట్లకూ, ప్రోగ్రాములకూ కూడా అది పెద్దదిక్కు అవుతుంది. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను పిలిచి "ఈయన చీటీ రాసి పంపినవాళ్లందర్నీ ఏమీ అడక్కుండా లోపలికి వదులు" అని చెప్పడంతో సమానం. ఆయన ఎవరికి చీటీలు రాస్తాడో మన చేతిలో లేదు. మంచివాడైనా ఆయన చీటీల పుస్తకం ఎవరైనా కాజేస్తే మనకు తెలియదు.

అలా జరిగింది కూడా, మన దేశంలోనే. 2014 జూలై 2న గూగుల్ ఒక సంగతి పసిగట్టింది. తన వెబ్ చిరునామాల పేరుతో, తను అడగని సర్టిఫికెట్లు కొన్ని బయట తిరుగుతున్నాయి. వాటిని జారీ చేసినది మన ఎన్ఐసీ కింది అధికారం. దాని పైన ఉన్నది సీసీఏ రూట్. ఆ రూట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికే తన జాబితాలో చేర్చుకుని ఉండడంతో విండోస్‌లో నడిచే చాలా ప్రోగ్రాములు ఆ దొంగ సర్టిఫికెట్లను నమ్మేసేవి. మర్నాడే సీసీఏ ఎన్ఐసీ అధికారాలను రద్దు చేసింది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. తర్వాత విచారించి, ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారనీ, తప్పుగా జారీ అయినవి నాలుగే సర్టిఫికెట్లనీ, మొదటిది జూన్ 25న బయటికి వచ్చిందనీ చెప్పింది. మూడు గూగుల్‌వి, ఒకటి యాహూది. కానీ ఆ నాలుగింటిలో లేని మరికొన్ని తమ దృష్టికి వచ్చాయనీ, నష్టం ఎంతవరకు పాకిందో తెలియదనే అనుకోవాల్సి వస్తోందనీ గూగుల్ బహిరంగంగానే రాసింది. ఆ తర్వాత క్రోమ్‌లో భారత రూట్‌కు గీత గీసింది. ప్రభుత్వ, ఎన్ఐసీ, విద్యాసంస్థల చిరునామాలు, రిజర్వు బ్యాంకు చిరునామా, మరో మూడు, అంతే. మొత్తం ఏడు. ఆ గీత దాటి ఇంకే వెబ్‌సైటుకైనా ఆ రూట్ హామీ ఇస్తే క్రోమ్ ఒప్పుకోకుండా చేసింది.

ఈ కథలో ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఏమీ కాలేదు. ఆ బ్రౌజర్‌కు సొంత జాబితా ఉంది, అందులో మన సీసీఏ రూట్ లేదు. కానీ ఏదో ప్రభుత్వ వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని ఆ రూట్‌ను తెచ్చి ఫైర్‌ఫాక్స్‌లో చేత్తో ఎక్కించుకున్నవాళ్లకు ఆ రక్షణ ఉండదు. తలుపు వాళ్లే తీశారు. వాళ్లను తప్పుపట్టను. ఎక్కించమని చెప్పినవాళ్లు ఎక్కించాక ఏం మారుతుందో చెప్పలేదు.

బ్యాంకుల సంగతి ఇప్పుడు ఇంకా దగ్గరిగా వచ్చింది. దొంగ వెబ్‌సైట్ల బెడద తగ్గించడానికి బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం ఒక్క ఐడీఆర్‌బీటీకే, మన మాసాబ్ ట్యాంకు సంస్థకే, ఉంది. చాలా మంచి పని. చిరునామా చివర చూసి బ్యాంకును గుర్తుపట్టడం మామూలు మనిషికి వీలవుతుంది. కానీ ఊరూపేరూ లేని రూట్ ఒకటి మీ కంప్యూటర్‌లో కూర్చుని ఉంటే, దాని తాళం చేతిలో ఉన్నవాడు ఏ బ్యాంకు పేరుతోనైనా సర్టిఫికెట్ తయారుచేసుకోగలడు. దారిలో మీ నెట్‌వర్క్ కూడా వాడి చేతికి చిక్కిందంటే, చిరునామా సరిగ్గానే ఉంటుంది, బ్రౌజర్ ఏ హెచ్చరికా చూపదు, పాస్‌వర్డ్ వాడికి చేరుతుంది. క్రోమ్ 2022 నుంచి సొంత జాబితా తెచ్చుకుంది గానీ, విండోస్‌లో మనం చేత్తో ఎక్కించిన రూట్‌ను ఇప్పటికీ మన్నిస్తుంది. మనిషి తెలిసే ఎక్కించుకున్నాడని దాని లెక్క.

మరి తెలిసి ఎక్కించడమంటే ఏమిటి? సర్టిఫికెట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కి, 'ఇన్‌స్టాల్ సర్టిఫికెట్' అని, ఆ రూట్ ఖానా ఎంచుకుని 'ఫినిష్' కొట్టగానే విండోస్ ఒక పెట్టె చూపిస్తుంది. ఫలానా సంస్థనని చెప్పుకుంటున్న సర్టిఫికెట్ ఇది, నిజంగా వాళ్లదో కాదో నేను తేల్చలేను, వాళ్లనే సంప్రదించి కనుక్కోండి, సాయంగా ఇదిగో నంబరు అంటూ ఒక వేలిముద్ర ఇస్తుంది. అంకెలూ, ఇంగ్లిషు అక్షరాలూ కలిసి 40 ఉంటాయి. కింద ఎస్, నో. కంప్యూటర్ ఇంత నిజాయితీగా తన చేతకానితనం ఒప్పుకుని మనిషిని సాయం అడిగే సందర్భాలు తక్కువ. మనం అరక్షణంలో ఎస్ కొట్టేస్తాం.

ఆ 40 అక్షరాలను పోల్చి చూడటమే అసలు పని, మిగతాదంతా నొక్కుడే. పోల్చడానికి రెండో ప్రతి కావాలి. అది ఫైలు వచ్చిన దారిలో రాకూడదు. ఫైలు వాట్సాప్‌లో పంపినవాడే వేలిముద్ర కూడా వాట్సాప్‌లో పంపితే పోల్చి లాభం లేదు. ఫైలును జారీ చేసిన సంస్థ వెబ్‌సైటు చిరునామా సొంతంగా కొట్టి దించుకోవాలి. వేలిముద్రను వాళ్ల కార్యాలయానికి ఫోన్ చేసో, అచ్చు కాగితం మీదో సరిచూసుకోవాలి. మధ్యలోవి చూడకుండా మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి వదిలేయకండి. కంప్యూటర్ అంతటికీ కాకుండా మీ లాగిన్ వరకే ఎక్కించే వీలుంటే అదే ఎంచుకోండి. అలాగైతేనే ఆ హెచ్చరిక పెట్టె కూడా మీకు కనిపిస్తుంది.

పంజాగుట్ట, లక్డీకాపూల్ ఆడిటర్ల ఆఫీసుల్లో ఇంకో అలవాటు పెరిగింది. జీఎస్టీ, ఆదాయపు పన్ను పనులకు డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చితే, సంతకం పెట్టించే చిన్న ప్రోగ్రాము ఆ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. బ్రౌజర్ దానితో మాట్లాడేది 127.0.0.1 అనే చిరునామాలో. అంటే ఆ కంప్యూటర్ తనతో తానే. ఆ చిరునామా సర్టిఫికెట్‌ను బ్రౌజర్ ఎరగదు కాబట్టి 'మీ కనెక్షన్ భద్రం కాదు' అని ఎర్ర పేజీ వేస్తుంది. "అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ కొట్టండి" అన్నది అక్కడ అందరి నోటా వచ్చే సలహా. నిజానికి ఈ ఒక్క సందర్భంలో ప్రమాదం తక్కువే, మాట కంప్యూటర్ దాటి పోదు కాబట్టి. ఆ 'కాబట్టి'ని మాత్రం ఎవరూ చెప్పరు. పొద్దున రిటర్ను కోసం ఎర్ర పేజీ దాటిన అమ్మాయి సాయంత్రం బ్యాంకు పేరుతో అదే పేజీ వస్తే అలాగే దాటుతుంది. దాటడం నేర్పింది మనమే.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఆ ప్రోగ్రాము సర్టిఫికెట్‌నే రూట్ ఖానాలో పెట్టేస్తారు. 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడిన సూపర్‌ఫిష్ గొడవ వాళ్లు గుర్తుచేసుకోవాలి. ప్రకటనల కోసం పెట్టిన ఆ ప్రోగ్రాము అన్ని యంత్రాల్లోనూ ఒకే రూట్, ఒకే తాళం వాడింది. ఆ తాళం బయటికి రాగానే అన్ని యంత్రాలూ ఒకేసారి బజారున పడ్డాయి. కజకిస్తాన్‌లో 2019లో ప్రభుత్వమే పౌరులను ఒక రూట్ ఎక్కించుకోమంది. గూగుల్, మొజిల్లా, ఆపిల్ ఆగస్టులో దాన్ని తమ బ్రౌజర్లలో అడ్డుకున్నాయి. ఎక్కించుకుంటే ఆ పౌరులు చదివే ప్రతి పేజీ ప్రభుత్వం చదవగలిగేది.

మన రూట్‌కు మన బ్రౌజర్ ఉండాలన్న ఆలోచన ఢిల్లీలో ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం స్వదేశీ బ్రౌజర్ పోటీ పెట్టింది. సీసీఏ రూట్ ఆ బ్రౌజర్‌లో ముందే ఉండాలన్నది షరతు. 2025లో జోహో మొదటి బహుమతి, కోటి రూపాయలు, గెలిచింది. అలాంటి బ్రౌజర్ అందరికీ రావాలనే కోరుకుంటాను. అది వచ్చేదాకా, వచ్చాక కూడా, షాపులో కుర్రాడి ముందు ఆ ఎస్, నో పెట్టె ఉంటుంది.

అందుకే నేను అడిగేది చిన్న సంగతి. అమీర్‌పేట ఆధార్ కార్యాలయంలో, ప్రతి మీసేవ కేంద్రంలో, పన్ను కార్యాలయాల సహాయ కౌంటర్లలో ఒక తెలుగు కాగితం గోడకు అంటించాలి. ప్రస్తుతం చెల్లుతున్న రూట్ సర్టిఫికెట్ల పేర్లు, అవి ముగిసే తేదీలు, పూర్తి వేలిముద్రలు, అనుమానం వస్తే పని వేళల్లో ఎత్తే ఫోన్ నంబరు. కింద, పని అయిపోయిన సర్టిఫికెట్‌ను విండోస్‌లో 'certmgr.msc' తెరిచి ఎలా తీసేయాలో నాలుగు వాక్యాలు. రూట్ మారిన రోజున కాగితం మార్చాలి, పాతది చింపేయాలి. మీసేవ ఆపరేటర్లకిచ్చే శిక్షణలో ఒక గంట దీనికి కేటాయించాలి. ఆ గంట విని వచ్చిన కుర్రాడు ఒకరోజు అక్షరాలు కలవడం లేదని నో కొట్టి, "కనుక్కుని చేస్తానమ్మా, రేపు రండి" అంటే యజమాని అతన్ని కసురుకోకూడదు. ఆ రేపటి వరకు ఆగే ఓపిక మనమూ తెచ్చుకోవాలి.