పోలీసు కొలువు – ఆడుబిడ్డల చదువు

పోలీసు ఉద్యోగమనగానే మన ఇండ్లలో మొదట తలపునకు వచ్చునది దేహబలము. ఒడ్డును పొడవును గలవారికే ఆ కొలువనియు, చదువుతో దానికంత పని లేదనియు పలువురి నమ్మకము. ఆ నమ్మకమునకు కాలము చెల్లినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల తల్లులు తమ కుమార్తెల భవిష్యత్తును గూర్చి యోచించునపుడు ఈ సంగతి నెఱిగియుండుట మేలు.

ఆంధ్రప్రదేశ పోలీసు నియామక మండలివారు 2022 నవంబరులో వెలువరించిన ప్రకటనలను చూతము. కానిస్టేబులు ఉద్యోగములు 6,100. సబిన్‌స్పెక్టరు ఉద్యోగములు 411. కానిస్టేబులగుటకు ఇంటర్మీడియటు ఉత్తీర్ణత వలయును. షెడ్యూల్డు కులముల వారికిని, తెగల వారికిని కొంత సడలింపు కలదు: పదవ తరగతి ఉత్తీర్ణులై, ఇంటర్మీడియటు రెండేండ్లును చదివి పరీక్షలకు కూర్చుండియున్న చాలును. సబిన్‌స్పెక్టరు పదవికి డిగ్రీ పట్టము వలయును. ఆ 6,100 కొలువులలో 3,580 పౌర విభాగమునకు చెందినవి. స్త్రీలకు తెఱపియున్నవి అవియే. తక్కిన 2,520 ప్రత్యేక దళమునకు, అనగా పురుషులకు మాత్రమే.

చదువు తరువాతనే తక్కిన పరీక్షలు. మొదటి వ్రాతపరీక్ష మూడు గంటలది, ప్రశ్నలు 200. లెక్కలు, తర్కము, విజ్ఞానము, చరిత్ర, భూగోళము, ఆంగ్లము మొదలగు విషయములందు ప్రశ్నింతురు. అందు నెగ్గినవారికే కొలతలును పరుగును. స్త్రీలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోలకు తగ్గని బరువు వలయును. 1,600 మీటర్లను పది నిమిషముల ముప్పది సెకండ్లలో పరుగెత్తవలయును. వేకువనే లేచి నీళ్లు మోయు మన పల్లె బాలికలకు ఈ పరుగు సాధనచే అలవడును. పదవ తరగతితో మానిన చదువు మాత్రము ఆ సాధనచే రాదు.

ఇంత చదువేల యని అడుగువారు కలరు. పూర్వము మన చెన్నరాజధానిలో 1859వ సంవత్సరపు చట్టముచే పోలీసు శాఖ ఏర్పడినది. 1902-03లలో సర్ ఆండ్రూ ఫ్రేజరుగారి అధ్యక్షతను కూర్చున్న కమిషను వారు ఆ శాఖలోని లోపములను విచారించి, సబిన్‌స్పెక్టరులను నేరుగా ఎన్నుకొని శిక్షణ యొసగవలయునని సూచించిరి. ఠాణా నడుపువాడు చదువరి కావలయునను తలంపు నాటిదే. నేడది మఱింత అవసరమైనది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నోటితో చెప్పిన ఫిర్యాదును వ్రాసికొని, చెప్పినవారికి చదివి వినిపించి, నకలును ఉచితముగా ఈయవలయును. మానభంగాది నేరములందు బాధితురాలి మాటను స్త్రీ అధికారియే వ్రాసికొనవలయును. సోదా చేయునపుడు దానిని దృశ్యముద్రణము గావింపవలయును. ఈ పనులన్నియు అక్షరముపై ఆధారపడినవే కదా!

పెన్నయొడ్డు పల్లెనుండి ఒక స్త్రీ తన దుఃఖమును చెప్పికొన ఠాణాకు వచ్చినదనుకొందము. ఆమె మాటలు కడప సీమ యాసలో, తడబడుచు వచ్చును. సిగ్గుచే సగము మ్రింగివేయును. ఆ మాటను చెదరకుండ కాగితముమీద పెట్టుటకు ఓర్పును, భాషయు, చట్టజ్ఞానమును వలయును. ఒక్క వాక్యము తప్పుగా పడినయెడల న్యాయస్థానములో ఆమె చెప్పినది బలహీనపడును. ముఠాకక్షలలో భర్తలను, బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీలెందఱో గల ఈ సీమలో ఈ మాటకెంత బరువున్నదో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున ఠాణాలో చదువుకొన్న ఆడుబిడ్డ ఉండుట ఆమె జీతమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఇపుడు మన యింటి సంగతి. కాలేజీకి బస్సెక్కి పోవలయుననియు, సంబంధము వచ్చినదనియు పదవ తరగతితో బాలిక చదువు మాన్పించు ఇండ్లు ఇంకను కలవు. ఆ రెండేండ్లు మిగుల్చుటచే కలుగు లాభము స్వల్పము. మూతపడు తలుపులు పెక్కు. మధ్యలో మానినవారు సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటర్మీడియటును పూర్తిచేసికొన వచ్చును. అయితే వయఃపరిమితి కలదు గనుక ఆలస్యము కూడదు.

మఱియొక హెచ్చరిక. ఇంటర్మీడియటు కాగానే ప్రకటనకై ఎదురు చూచుచు ఊరక కూర్చుండరాదు. 2022 ప్రకటనకు మొదటి పరీక్ష 2023 జనవరి 22న జరుగగా, తుది వ్రాతపరీక్ష 2025 జూన్ 1న గాని జరుగలేదు. ఆ నడిమి కాలమున కాలేజీలో చేరియున్న బాలికకు డిగ్రీ చదువు చాలవఱకు సాగియుండును. కానిస్టేబులు కొలువు దక్కకున్నను సబిన్‌స్పెక్టరు పరీక్షకు దారి దగ్గఱపడును. ఆ రెండును దక్కకున్నను చదువు చేతిలోనుండును.

ప్రొద్దుటూరి అంగళ్లలో బిడ్డల పెండ్లికై సవరసవరగ బంగారము కొనుచున్నాము, మంచిదే. ఆ లెక్కలో రెండేండ్ల కాలేజీ జీతమును బస్సు చార్జీయును గూడ చేర్చుడు. ఆ నగను ఎవ్వరును దొంగిలింపలేరు.