కూల్చిన గోడలోనే కొలువుంది!

మీ వీధిలో పాత ఇల్లు కూల్చేస్తుంటే ఎప్పుడైనా ఆగి చూశారా? ట్రాక్టర్లకెత్తిన ఆ శిథిలాలు రాత్రికి రాత్రే ఏ చెరువు గట్టుకో చేరేవి. ఇప్పటికీ చాలాచోట్ల అదే తంతు. కానీ హైదరాబాద్ జీడిమెట్లలో 2020లో మొదలైన ప్లాంటుకు రోజుకు 500 టన్నుల శిథిలాలను మళ్లీ ఇసుక, కంకరగా మార్చే సామర్థ్యం ఉంది. తర్వాత ఫతుల్లగూడలోనూ ఒకటి వచ్చింది.

సివిల్ చదివేవారిని 'తర్వాతేంటి?' అని అడిగితే 'ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు' అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తోంది. తప్పనను. అయితే నాలుగేళ్లు చదివిన బ్రాంచిని వదిలేసే ముందు ఇటువైపు ఓసారి చూడండి అంటాను.

ఇక్కడ కొరత సరుకుకు కాదు, దాని గుణం తెలిసిన మనిషికి. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరకు సిమెంటు ముద్ద అంటుకునే ఉంటుంది. అది నీళ్లు పీల్చేస్తుంది. ముందుగా తడపకుండా కలిపితే మాలు బిగుసుకుంటుంది. మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తాడు. బలం పడిపోతుంది. చెడ్డపేరు మాత్రం రీసైకిల్డ్ కంకరకు! నిజానికి ఐఎస్ 383-2016 ప్రమాణం ఎం25 వరకు ఆర్‌సీసీలో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం దాకా దీన్ని అనుమతిస్తోంది. ఈ అంకెలు ఇంటర్వ్యూలో చెప్పడం తేలికే. సైట్‌లో ఆ బకెట్‌ను ఆపడమే కష్టం.

చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలదీ ఇదే కథ. చూడ్డానికి చెక్కే, నడత మాత్రం వేరు. వేడికి సాగుతాయి. చివర్ల మధ్య సందు వదలకుండా బిగిస్తే మన మే నెల ఎండకు ఉబ్బి లేస్తాయి. ఆ సంగతి వడ్రంగికి చెప్పేవాళ్లు కావాలి.

ఇక అవకాశాలంటారా? 2025లో నోటిఫై చేసిన కొత్త నిబంధనలు 2026 ఏప్రిల్ 1 నుంచి శిథిలాల రీసైక్లింగ్ బాధ్యతను పెద్ద నిర్మాణదారులపైనే పెట్టాయి. లెక్క చూపాలంటే పరీక్షించేవాళ్లు, నాణ్యత చూసేవాళ్లు ఉండాల్సిందే కదా!

అలాగని ఇది ఏసీ గది ఉద్యోగం కాదు. మొదటి జీతం మీ సాఫ్ట్‌వేర్ మిత్రుడి కన్నా తక్కువే ఉండొచ్చు. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కాబట్టి సరైన మాస్క్ లేనిదే క్రషర్ దగ్గర నిలబడొద్దు. మాస్క్ ఇవ్వని చోట చేరనే వద్దు.

నమ్మకం కుదరకపోతే నా మాట వినకండి, మీరే చేసి చూడండి. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుకు కూల్చిన ఇంటి నుంచి నాలుగు బస్తాల కాంక్రీటు ముక్కలు తెచ్చుకోండి. పగలగొట్టి, జల్లించి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి ఎంత పీల్చిందో కొత్త కంకరతో పోల్చండి. క్యూబులు పోసి 7, 28 రోజులకు పరీక్షించండి. ఫలితం బాగా రాకపోయినా ఫర్వాలేదు. ఎందుకు రాలేదో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ దగ్గర మాట్లాడటానికి సొంత పని ఒకటి ఉంటుంది.