విశ్వవిద్యాలయ ద్వారం వద్ద కార్మిక కుటుంబం

ఇంటర్మీడియేట్ ఫలితాలు వెలువడిన నాటినుండి మన కార్మికవాడలలో ప్రతి వేసవిలోను ఒక ప్రయాణం మొదలవుతున్నది. తండ్రి ఒకరోజు సెలవు పెట్టుకొని, తల్లి ఇంటిపని తెల్లవారకముందే ముగించుకొని, కుమారునో కుమార్తెనో వెంటబెట్టుకొని విశ్వవిద్యాలయం చూడబోతారు. సింగరేణి గని కార్మికుడు, ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కార్మికుడు, షోలాపూర్, భివండీలలోని మరమగ్గాల కార్మికుడు, అందరిదీ ఇదే దారి. ఈ కుటుంబాలలో అనేకం అటువంటి ద్వారంలో అడుగిడటం అదే మొదటిసారి. కనుక ఆ ప్రయాణం వారికి తీర్థయాత్రవలె తోచుట సహజమే. కాని తీర్థానికి పోయినవాడు ప్రశ్నలు వేయడు. చూచి, చేతులు జోడించి, కానుక సమర్పించి తిరిగి వస్తాడు. ఈ ధోరణి మారవలసి ఉన్నది. దానిని మార్చే బాధ్యత కార్మిక సంఘాలపై కూడ ఉన్నది.

మొదట పరిస్థితిని గమనిద్దాం. 1964-66 నాటి కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యపై వెచ్చించవలెనని సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం అదే 6 శాతాన్ని మరల లక్ష్యంగా ప్రకటించింది. అర్ధ శతాబ్దం గడిచిన పిదప పాత లక్ష్యాన్నే కొత్తగా ప్రకటించవలసి వచ్చిందంటే, ఆ మధ్యకాలంలో ప్రభుత్వాలు ఏమి చేసినవో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రభుత్వం విడిచిన భారం తల్లిదండ్రుల భుజాలపై పడింది. దేశంలోని కళాశాలలలో నాలుగింట మూడు వంతులకు పైగా నేడు ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నవి. 2021-22 అఖిల భారత సర్వే ప్రకారం ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం మాత్రమే. ఆ కొద్దిమందిలో మన బిడ్డ ఒకరు కావలెనన్న ఆరాటమే నేటి విద్యావ్యాపారానికి పెట్టుబడి.

చట్టం మాట వేరు. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రభుత్వ సాయం పొందని విద్యాసంస్థలకు ఫీజుల విషయంలో విస్తృతమైన స్వేచ్ఛ నిచ్చింది. అయితే అదే తీర్పు లాభార్జనను, క్యాపిటేషన్ ఫీజును అనుమతించలేదు. ఆ తరువాత ప్రైవేటు విశ్వవిద్యాలయాలకై ఆంధ్రప్రదేశ్ 2016లోను, తెలంగాణ 2018లోను చట్టాలు చేసినవి. కాగితం మీద విద్య వ్యాపారం కాదు. కాని ప్రవేశాల కాలంలో ఆ ప్రాంగణాలకు వెళ్లినవారికి అది సంతవలెనే కనిపిస్తుంది.

రెండేండ్ల క్రితం మా సంఘ సభ్యుని కుటుంబంతో నేను అటువంటి ఒక ప్రైవేటు ప్రాంగణానికి వెళ్లాను. సంస్థ ఉద్యోగి ఒకరు మాకు శీతలీకరించిన సభామందిరాన్ని, ఈతకొలనును, అద్దాల భోజనశాలను చూపించారు. మా సభ్యుడు ఇరవై ఆరేండ్లు ఫిట్టరుగా పనిచేసినవాడు. ఆయన వర్క్‌షాపు చూపమని కోరాడు. అది కార్యక్రమంలో లేదట. పట్టుబట్టగా చూపారు. లేతు మిషన్లు వరుసగా, కొత్త రంగుతో నిలిచి ఉన్నవి. ఆయన ఒక మిషను బెడ్డు మీద వేలు రాసి చూచాడు. నూనె ఎండి గట్టిపడి ఉన్నది. కింది ట్రేలో కోసిన ఇనుప తునక ఒక్కటి లేదు. ఒక్కొక్క విద్యార్థికి ఏడాదిలో ఎన్ని గంటలు మిషను దొరకునని అక్కడి సహాయకుని అడిగితే అతడు నవ్వి తల వంచుకొన్నాడు. వెలుపలికి వచ్చి మా సభ్యుడు, “ఇవి ఫొటోల కోసం పెట్టిన మిషన్లన్నా, పని కోసం కాదు” అన్నాడు. ఆ సాయంత్రంలోగా కడితేనే ఫీజులో రాయితీ అని కార్యాలయంలో తొందరపెట్టారు. ఆ కుటుంబం కట్టకుండ తిరిగి వచ్చింది.

ఇందులో గ్రహించవలసినదేమి? ఏ పుస్తకం చదువకున్నా ఒక సంస్థను అంచనా వేయగల జ్ఞానం కార్మికుని చేతివేళ్లలో ఉన్నది. మిషను నడుస్తున్నదో లేదో ఆయనకు తెలుసు. బీడీలు చుట్టే తల్లికి హాస్టలు వంటశాలను, నీళ్ల కుళాయిని, మరుగుదొడ్డిని చూస్తే అక్కడ బిడ్డ ఎట్లా బ్రతుకుతుందో తెలుసు. మనకు లేనిది జ్ఞానం కాదు, అడుగవచ్చునన్న ధైర్యం. రంగుల కరపత్రంలోని ముద్రలు ఆ ధైర్యాన్ని మరింత కుంగదీస్తున్నవి. కాని ముద్రవేసే వ్యవస్థను సైతం గ్రుడ్డిగా నమ్మరాదు. 2025 ఫిబ్రవరిలో, మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చి పుచ్చుకొన్నారన్న ఆరోపణపై ఒక న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సి.బి.ఐ. అరెస్టు చేసిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ప్రాంగణంలో మనం తప్పక మాట్లాడవలసినవారు మరికొందరున్నారు. ద్వారం వద్ద నిలిచిన కాపలాదారు, మెస్సులో వంటవాడు, గదులు ఊడ్చే స్త్రీ, గంటల లెక్కన పాఠాలు చెప్పే అతిథి అధ్యాపకుడు, వీరందరూ మన వర్గానికి చెందినవారే. వారికి జీతం నెలనెలా అందుతున్నదా, భవిష్యనిధి జమ అవుతున్నదా, వారు కాంట్రాక్టరు కింద ఎన్నేండ్లుగా ఉన్నారు? ఇవి కేవలం సానుభూతి ప్రశ్నలు కావు. అధ్యాపకునికి వచ్చే ఏడాది ఉద్యోగం ఉండునో లేదో తెలియని చోట విద్యార్థికి చదువు నిలకడగా సాగదు. వంటవానికి మూడు నెలల జీతం బాకీ పడిన చోట విద్యార్థి కంచంలోకి ఏమి వచ్చునో ఊహించవచ్చు. పని పరిస్థితులు, చదువు పరిస్థితులు ఒకే నాణేనికి రెండు ముఖాలు.

ఈ విమర్శ ప్రైవేటు సంస్థలకు మాత్రమే పరిమితం కాదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలుకొని మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎన్నో పేద కుటుంబాలలో మొదటి పట్టభద్రుని తయారుచేసినవి. అవి మన సొత్తు. మన సొత్తు కనుకనే వాటిని మరింత నిశితంగా ప్రశ్నించవలసి ఉన్నది. ఆ శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, ఖాళీలు ఎన్ని, హాస్టలులో ఒక గదికి ఎందరు? ర్యాగింగ్ నిరోధానికి 2009లోను, లైంగిక వేధింపుల నిరోధానికి 2015లోను విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం చేసిన నిబంధనల మేరకు ఏర్పడవలసిన కమిటీలు ఉన్నవా? వాటి సభ్యుల పేర్లు గోడమీద కనబడుతున్నవా? ఏ సంస్థ అయినా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినదే.

ఇక డబ్బు సంగతి. కార్మికుడు ఫీజు కట్టేది మిగులు నుండి కాదు. ఇరవై ఏండ్ల శ్రమలో జమ అయిన భవిష్యనిధి నుండి, లేదా బ్యాంకు అప్పు నుండి. 1952 నాటి భవిష్యనిధి పథకం 68-కె పేరా, ఏడేండ్ల సభ్యత్వం గల కార్మికుడు బిడ్డల పై చదువుకు తన వాటాలో సగం వరకు తీసికొనుటకు వీలు కల్పించింది. 2025 అక్టోబరులో ధర్మకర్తల మండలి ఇటువంటి నిబంధనలను మరింత సడలింప నిర్ణయించింది. విద్యారుణాల విషయంలో 7.5 లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండ ఇచ్చుటకు 2015లో హామీ పథకం ఏర్పడింది. ఈ సౌకర్యాలు మంచివే. అయితే సులభంగా తీయగల డబ్బు సులభంగా పోగలదు కూడ. వృద్ధాప్యపు కూడు బిడ్డ చదువుగా మారేముందు, ఆ చదువు నిజమైనదా కాదా అని తేల్చుకొనుట తప్పనిసరి.

తెలిసికొనవలసిన హక్కులు కొన్ని ఉన్నవి. 2018 అక్టోబరులో గ్రాంట్ల సంఘం ప్రకటించిన విధానం ప్రకారం, ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులు లేక అంతకుముందే సీటు వదులుకొన్న విద్యార్థికి ఫీజు మొత్తం తిరిగి ఇవ్వవలెను. అందులో 5 శాతం లేక 5,000 రూపాయలకు మించి తగ్గించరాదు. ఆఖరు తేదీ దాటిన 15 రోజులలోపు వదులుకొన్నా 80 శాతం తిరిగి రావలసినదే. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థ తన వద్ద అట్టిపెట్టుకొనరాదు. అయినను, ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల పేరున విద్యార్థుల సర్టిఫికెట్లను ఆపిన ఉదంతాలు రెండు తెలుగు రాష్ట్రాలలోను కొల్లలు. ఇతర రాష్ట్రాలలో పనిచేసే మన సభ్యులు మరొక విషయం జ్ఞాపకముంచుకొనవలెను. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడిన పద్ధతిలో స్థానికులకు 85 శాతం సీట్లు కేటాయింపబడినవి. స్థానికత్వం ప్రధానంగా బిడ్డ ఎక్కడ ఎన్నేండ్లు చదివెననుదానిపై ఆధారపడుతుంది. షోలాపూర్‌లోనో ఖరగ్‌పూర్‌లోనో చదివిన బిడ్డ సంగతి ముందుగానే విచారించుకొనవలెను.

“సంఘం పని వేతనాలు, బోనసు. బిడ్డల చదువు ఎవరి ఇంటి వ్యవహారం వారిది” అని కొందరు మిత్రులు అంటారు. ఈ వాదన పైకి సబబుగా తోచినా నిలువదు. నెలల తరబడి పోరాడి సాధించిన వేతన ఒప్పందపు లాభాన్ని ఒక్క ఏడాది ఫీజు మ్రింగివేస్తున్నది. ఇంటింటికీ జరిగే నష్టం ఒకే తీరున ఉన్నప్పుడు అది ఇంటి వ్యవహారం కాదు, వర్గ సమస్య. ఒంటరిగా యజమాని ఎదుట నిలిచినవాడు ఎంత బలహీనుడో, ఒంటరిగా ప్రవేశాల కార్యాలయంలో కూర్చున్న తండ్రి అంతే బలహీనుడు.

కనుక ప్రతి శాఖలోను ఒక విద్యా ఉపసంఘం ఏర్పడవలెను. ప్రవేశాల కాలంలో అది కుటుంబాలను జట్లుగా ప్రాంగణాలకు తీసికొని వెళ్లవలెను. అక్కడ ఇప్పటికే చదువుతున్న సభ్యుల బిడ్డలతో, పనిచేస్తున్న కార్మికులతో వారిని మాట్లాడించవలెను. చూచినదానిని ఒక పుస్తకంలో వ్రాసి, మరుసటి ఏడాది వెళ్లేవారికి అందుబాటులో ఉంచవలెను. బిడ్డ ప్రవేశం నిమిత్తం వేతనంతో కూడిన ఒకరోజు సెలవును మన కోరికల పత్రంలో చేర్చవలెను. ఫీజుల పట్టికను, నిబంధనలను తెలుగులో ముద్రించి ముందుగా ఇవ్వవలెనని విశ్వవిద్యాలయాలను కోరవలెను. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. గేటు మీటింగుకు నలుగురిని కూడగట్టగల శాఖకు ఇవి సాధ్యమే.

కొత్త మిషనును అప్పగించుకొనేముందు ఏ కార్మికుడైనా దానిని నడిపి చూస్తాడు. సంతకం ఆ తరువాతనే పెడతాడు. బిడ్డ జీవితాన్ని అప్పగించేచోట అంతకు తక్కువ జాగ్రత్త చాలదు.