ఆ బిడ్డ పేరు ఏ రిజిస్టరులో ఉంది?

ఐదు రోజులు దాటినా బిడ్డకు జ్వరం తగ్గదు. కళ్లు ఎర్రబడతాయి గాని పుసి కట్టదు. పెదాలు పగులుతాయి, నాలుక కందిపోతుంది, అరచేతులు, అరికాళ్లు వాస్తాయి. ఒంటి మీద దద్దుర్లు చూసి పెద్దవాళ్లు తట్టు పోసిందంటారు. ఊళ్లో వేయించిన సూదిమందుకు గుణం కనిపించదు. కొన్నాళ్లకు జ్వరం దానంతటదే పోతుంది. వేళ్ల కొసల దగ్గర చర్మం పొరలుగా ఊడుతుంది. ఆ తర్వాత అందరూ మరిచిపోతారు.

అది కవాసాకి జబ్బు కావచ్చు. అరుదైనదే. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది, రక్తనాళాలు వాస్తాయి. సరైన వైద్యం అందకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి గుండెకు రక్తం అందించే నాళాలు బుడగల్లా ఉబ్బుతాయి. పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఈ జబ్బు సంగతి బయటపడింది ఒక డాక్టరు ఓపికగా రాసిపెట్టుకున్న కాగితాల వల్లనే. 1961లో జపాన్‌లో టొమిసాకు కవాసాకి అనే పిల్లల వైద్యుడు నాలుగేళ్ల బాలుడిలో ఈ లక్షణాలు చూశారు. జబ్బేమిటో అంతుపట్టలేదు. మరుసటి ఏడాది అలాంటి బిడ్డే మరొకరు వచ్చారు. 1967 నాటికి 50 మంది వివరాలు చేర్చి ప్రచురించారు. 1970లో దేశమంతటా ఆస్పత్రుల నుంచి లెక్కలు తెప్పిస్తే, కొందరు పిల్లలు కోలుకున్నట్టే కోలుకుని గుండె నాళాల్లో రక్తం గడ్డకట్టి చనిపోయారని తేలింది. అప్పటిదాకా దానంతటదే తగ్గే జబ్బనే అనుకున్నారు. ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి విడిగా చూసుకుంటే ఆ సంగతి తెలిసే వీలే లేదు.

ఇక మన మూడు జిల్లాలకు వద్దాం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల నడిగడ్డ వాళ్లకు, బిడ్డ జబ్బు ముదిరితే కర్నూలో రాయచూరో దగ్గర. రెండూ ఇప్పుడు వేరే రాష్ట్రాలే. వనపర్తి వాళ్లు మహబూబ్‌నగర్‌కు, నాగర్‌కర్నూలు వాళ్లు హైదరాబాదుకు పరుగెత్తుతారు. ముంబయి, పుణె పనులకు వలసపోయిన వాళ్ల పిల్లల చీటీలు అక్కడే ఉండిపోతాయి. ఒకే బిడ్డ నాలుగు చోట్ల నాలుగు ఓపీ చీటీలతో నాలుగుసార్లు కొత్త రోగి అవుతుంది. ఇలాంటి పిల్లలు ఇక్కడ ఎందరని అడిగితే ఎవరు లెక్క చెప్పాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో 30 రకాల లోపాలు, జబ్బులు చూస్తాయి. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి, కవాసాకి లేదు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో రిజిస్ట్రీ గురించి చెబుతుంది. అయితే దాని చూపు ఎక్కువగా జన్యు జబ్బుల మీద. మంచిదే, కాదనం. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి పిల్లల విభాగాలు మూడూ కలిసి ఒకే రిజిస్టరు పెట్టాలని మేము కోరుతున్నాం. దానికి కోట్లు అక్కర్లేదు. జ్వరం ఏనాడు మొదలైంది, మందు ఏనాడు ఎక్కించారు, ఎకోలో ఏం కనిపించింది, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. మొదలుపెట్టడానికి ఈ నాలుగు గళ్లు చాలు.

మన ఇళ్లలోనూ ఒక జంకు ఉంది. ఆడపిల్ల పేరు గుండె జబ్బుల జాబితాలోకి ఎక్కితే రేపు సంబంధం వచ్చినప్పుడు ఏమంటారోనని తల్లులు భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. బిడ్డ వివరాలు ఆస్పత్రి చేతిలో అమానత్. లెక్క కోసం పైకి పంపే కాగితంలో పేరు బదులు నంబరు ఉంటే సరిపోతుంది, పేరు వైద్యం చేసే డాక్టరు దగ్గరే ఉండాలి. ఈ హామీని రాతపూర్వకంగా అడగండి, అడగడం మీ హక్కు. కానీ దాచిపెట్టకండి. అదే అమ్మాయి పెళ్లయి కాన్పుకు వెళ్లినప్పుడు, చిన్ననాడు గుండె నాళం ఉబ్బిన సంగతి అక్కడి డాక్టరుకు తెలియకపోతే ఆమె ప్రాణానికే ముప్పు.

మస్జిద్ కమిటీల పెద్దలు ఏదో ఒక జుమా రోజున నమాజు తర్వాత ఈ ఐదు రోజుల జ్వరం గుర్తుల గురించి డాక్టరు చేత నాలుగు మాటలు చెప్పించగలరు. ఇంట్లో డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్టు ఒకే ఫైల్లో ఉంచుకోవాలి. మెషిన్ నుంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీది అచ్చు కొన్నేళ్లకు వెలిసిపోతుంది. ముందే జిరాక్సు తీయించి, వలస బయలుదేరేటప్పుడు రేషన్ కార్డుతోపాటు దాన్నీ సంచిలో పెట్టుకోండి.