ఇల్లు నీదేనా, బాబూ?

పోయిన శ్రావణంలో ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటి అరుగు మీద రెండు గంటలు కూర్చున్నా. లోపల ఫ్యాను తిరుగుతోంది. కుక్కర్లో పప్పు ఉంది. చేతిలో తాళంచెవి కూడా ఉంది. తలుపే రాదు. తప్పు నాదే. తాళాలు తీయడం కొత్తగా నేర్చుకుంటున్న ఊపులో మా వీధి తలుపు తాళం మీదే ప్రయోగం చేశా. లోపల ఏదో పిన్ను ఇరుక్కుపోయింది. అమ్మ ద్వారకా తిరుమల వెళ్లింది కాబట్టి బతికిపోయా.

చివరికి ఏలూరు పాత బస్టాండ్ వైపు గొడుగు కింద కూర్చుని తాళంచెవులు చేసే పెద్దాయన్ని బండెక్కించుకుని తీసుకొచ్చా. ఆయన వెంటనే సంచి దించలేదు. నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇల్లు నీదేనా, బాబూ?" అన్నాడు. నాదే అన్నా. "అయితే పక్కింటోళ్లని పిలువు" అన్నాడు. పక్కింటి పిన్నిగారు వచ్చి, "మా వాడేనండీ, చిన్నప్పట్నించీ ఇంతే" అని సాక్ష్యం చెప్పాకే సంచి విప్పాడు. నా దగ్గర నెల రోజుల వీడియోల జ్ఞానం ఉంది. ఆయన దగ్గర సానపట్టిన రెండు ఇనప పుల్లలున్నాయి. నాలుగు నిమిషాల్లో తలుపు వచ్చేసింది.

ఈ హాబీకి ప్రపంచమంతా రెండే నియమాలు. నీది కాని తాళం, లేదా యజమాని ఒప్పుకోని తాళం ముట్టుకోకూడదు. రోజూ వాడే తాళం మీద ప్రాక్టీస్ చేయకూడదు. రెండోది నేను అరుగు మీద నేర్చుకున్నా. మొదటిది నేర్చుకోవడానికి ఇంకా టైం పట్టింది. ఆ సంగతి చివర్లో.

ముందు తాళం సంగతి. మనం ఎక్కువగా వాడే తాళం కప్పల్లో నాలుగైదు చిన్న పిన్నులుంటాయి. ఒక్కోటీ రెండు ముక్కలు, పైన స్ప్రింగు. సరైన చెవి పెడితే ప్రతి పిన్నూ సరిగ్గా రెండు ముక్కలూ కలిసే చోటు దాకా లేస్తుంది. అన్నీ ఒకే గీత మీదకి రాగానే లోపలి గుండ్రటి భాగం తిరుగుతుంది. ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల్లోనూ ఇదే కిటుకు. 1860ల్లో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ దాన్ని జేబులో పట్టే చిన్న బల్లపరుపు చెవికి కుదించాడు. మన జేబుల్లో తిరిగేది ఇప్పటికీ అదే.

మరి చెవి లేకుండా ఎలా వస్తుంది? ఏ ఫ్యాక్టరీ కూడా ఆ రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా వేయలేదు. ఒక వంపు రేకుతో తాళాన్ని కొంచెం తిప్పి పట్టుకుంటే పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ముందు ఒకటే బిగుస్తుంది. దాన్ని సన్నటి కొక్కెంతో మెల్లగా ఎత్తితే 'టిక్' మని కూర్చుంటుంది. తర్వాత ఇంకోటి. మొత్తం కథ ఇంతే. కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటే, గట్టిగా తిప్పడం. నేనూ అంతే. మా తాతయ్యతో కొల్లేట్లో గాలం వేసిన రోజులు గుర్తొచ్చాక గానీ దారిన పడలేదు. చేప కొరికితే వేలికి తెలియాలంటే గాలం కర్ర ఎంత వదులుగా పట్టుకోవాలో, ఇక్కడా అంతే.

మొదలుపెట్టాలంటే లోపల కనిపించే ప్లాస్టిక్ తాళం ఒకటి, నాలుగు పిన్నుల మామూలు తాళం కప్ప ఒకటి, రెండు మూడు పనిముట్లు చాలు. వీకెండ్ సినిమాకి పెట్టే ఖర్చంత. గోద్రెజ్ నవ్‌తాల్ లాంటివి వెంటనే కొనకండి. వాటిలో పిన్నులు కాదు, లీవర్లుంటాయి. ఆ ఆటే వేరు, పనిముట్లే వేరు.

"దొంగతనం నేర్చుకుంటున్నావా?" అని ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఈ ప్రశ్నకి పాత చరిత్రే ఉంది. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని షాపు అద్దంలో పెట్టి, తీసినవాడికి 200 గినీలిస్తామని 1790 నుంచీ సవాలు విసిరింది. 1851లో అక్కడ మహా ప్రదర్శన జరిగినప్పుడు అమెరికా నుంచి వచ్చిన హాబ్స్ దాన్ని తీసేశాడు. 16 రోజుల్లో, మొత్తం 51 గంటల కష్టం. దానికి ముందే చబ్ కంపెనీ పేరుమోసిన తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. ఊరంతా గగ్గోలు. తాళాల లోపాలు ఇలా బయటపెట్టొచ్చా అని కూడా వాదన లేచింది.

ఫిజిక్స్ చదివినవాళ్లకి ఫైన్‌మన్ కథ తెలిసే ఉంటుంది. అణుబాంబు ప్రాజెక్టులో భాగమైన ఓక్ రిడ్జ్‌లో ఒక కల్నల్ బీరువా తీసి చూపించి, పని చేసేటప్పుడు వీటిని తెరిచి ఉంచితే ప్రమాదమని ఆయనకే చెప్పాడు. ఆయనేం చేశాడు? ఫైన్‌మన్ మీ గదికి వచ్చుంటే మీ బీరువా నంబరు మార్చుకోమని అందరికీ నోటు పంపాడు! మా టీంలో టెస్టర్లకి ఈ కథ చెబితే నవ్వలేదు. అలవాటే అన్నారు.

నిజం చెప్పాలంటే దొంగకి ఇంత ఓపిక ఉండదు. కైకలూరు దగ్గర మా మావయ్య చేపల చెరువు గట్టు మీద మోటారు షెడ్డుంది. మంచి ఇత్తడి తాళం కప్ప కొని తనే స్వయంగా వేశాడు. ఒక రాత్రి మోటారు పోయింది. పొద్దున్నే వెళ్లి చూస్తే తాళం చెక్కుచెదరలేదు, గొళ్ళేనికి బుద్ధిగా వేలాడుతోంది. గొళ్ళెమే తలుపు నుంచి ఊడొచ్చింది. కొల్లేటి తేమకి మేకులు తుప్పుపట్టి పిండైపోయాయి, చిన్న గునపం చాలింది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇప్పుడు మావయ్య బోల్టులు తలుపుకి ఆ వైపు దాకా వేయించి నట్లు బిగించాడు. నేనిచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే అంటాడు.

ఇక ఆ మొదటి నియమం.

కార్తీకంలో ఒక రాత్రి తాడేపల్లిగూడెం నుంచి బాబాయ్ ఫోన్. "ఒరేయ్, నువ్వు తాళాలు తీస్తావంట గదా. ఒకసారి గూడెం రా. ఎవరికీ చెప్పకు." రైలెక్కి వెళ్లా. బాబాయ్‌ది అక్కడ ఉల్లిపాయల వ్యాపారం, పార్ట్‌నర్‌తో కలిసి. ఇద్దరికీ లెక్కల దగ్గర చెడింది. లెక్క తేలేదాకా సరుకు కదలకూడదని ఆయన గోడౌన్ షట్టర్‌కి బాబాయ్ తాళం పక్కనే తనది ఇంకోటి వేసిపోయాడు. షట్టర్ దగ్గర నిలబడితే అప్పటికే కుళ్లు వాసన.

"సరుకులో సగం నాది. వాడి తాళం పగలగొట్టమనట్లేదు. తీసి, నా బస్తాలు దింపుకున్నాక మళ్లీ వేసెయ్. ఎవడికి తెలుస్తుంది?"

ఫోన్ లైటు వేసి చూశా. నేను ఇంట్లో ఓ యాభై సార్లు తీసిన మోడలే. నిమిషం పట్టదు. పనిముట్లు ప్యాంటు జేబులోనే ఉన్నాయి. గొప్ప కోసం తెచ్చుకున్నా, అబద్ధమెందుకు.

1860 నాటి శిక్షాస్మృతి కూడా తాళం తీసి అక్రమంగా లోపలికెళ్లినా, గోడకి కన్నం వేసి వెళ్లినా ఒకే గాటన కట్టింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలోనూ అంతే. కానీ ఆ రాత్రి నాకు సెక్షన్లు గుర్తురాలేదు. గొడుగు కింద పెద్దాయన సంచి దించకుండా నిలబడిన తీరు గుర్తొచ్చింది.

"తాళం నీది కాదు బాబాయ్" అన్నా.

"నేను నీకేమీ కానా?"

నా ఇంజనీరింగ్ రెండో ఏడాది ఫీజు కట్టింది ఆయనే. ఆ మాట మాత్రం ఆయన అనలేదు. అనుంటే బాగుండేది. ఇద్దరం కలిసి పార్ట్‌నర్ ఇంటికి వెళ్దామన్నా, మార్కెట్ పెద్దల్ని పిలుద్దామన్నా. "నువ్వు ఏలూరెళ్లు" అని బండి స్టార్ట్ చేశాడు. స్టేషన్ దాకా నడిచా.

పద్దెనిమిది రోజుల తర్వాత మార్కెట్లో పెద్దలు కూర్చోబెడితే ఇద్దరూ ఎవరి తాళం వాళ్లు తీశారు. కింద వరస బస్తాలు అప్పటికే నీరుకారుతున్నాయట. నష్టమెంతో నాన్న నాకు చెప్పలేదు. సంక్రాంతికి బాబాయ్ వాళ్లు రాలేదు. ఇప్పటికీ నా ఫోన్ ఎత్తట్లేదు. పిన్ని మాత్రం అప్పుడప్పుడూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెడుతుంది.

అమ్మకి మొత్తం కథ చెప్పా. మంచి పని చేశావంది. ఆ సాయంత్రమే బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలోంచి తీసి ఇంకెక్కడో దాచింది.